చాంపియన్ల బంతి

ప్రచార కమిటీ ఆఫీసు, మూడో అంతస్తు
జూన్

వదినా,

ఉద్యోగంలో చేరాను. నీ పేరు చెప్పగానే కుర్చీ చూపించారు. "ఆవిడ మరదలివా? అయితే స్క్వాష్ నీ రక్తంలోనే ఉంటుంది" అన్నారు అధ్యక్షుల వారు. అన్నయ్య నిన్ను పెళ్ళి చేసుకుంటే నా రక్తంలోకి స్క్వాష్ ఎలా వచ్చిందో అడగలేదు. తల ఊపాను.

కమిటీ పని యువతలో స్క్వాష్ ఆటకి ఆదరణ తేవడం. నా పని ఆ సంగతి రాయడం: కరపత్రాలు, ఉపన్యాసాలు, పత్రికా ప్రకటనలు, సమావేశాల తీర్మానాలు. అధ్యక్షుల వారికి టైల్స్ వ్యాపారం ఉంది. సభ్యుల్లో ఒక డాక్టరు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు, అధ్యక్షుల వారి తోడల్లుడు ఉన్నారు. వీళ్ళలో రాకెట్ పట్టుకుని ఆడినవాళ్ళు ఎవరూ లేరు. పట్టుకుని ఫొటో దిగినవాళ్ళు అందరూ. స్క్వాష్ అంటే సీసాలోంచి గ్లాసులో పోసుకునే పళ్ళ షర్బత్ కదా అన్న జోకు రోజూ ఎవరో ఒకరు వేస్తారు. నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమేనని తెలిసింది.

ప్రచారానికి ఒక పాట కట్టించారు. అందులో విజయం ఉంది, ఉదయం ఉంది, రెక్కలున్నాయి. గోడ అన్న మాట మాత్రం లేదు. ఆట రాకపోయినా, గోడ లేకుండా ఆ ఆట ఉండదని నాకూ తెలుసు. చిన్నప్పుడు నువ్వు ఆడుతుంటే పైన బాల్కనీలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని కదా, చప్పుడు వినపడేది.

వచ్చే నెల స్కూళ్ళన్నిటికీ రాకెట్లు, బంతులు పంచుతారట. నీకేమైనా తోస్తే రాయి. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు.

నీ మరదలు

*

కోర్టు పక్క గది
జూన్

ఏమ్మా మరదలా,

పెద్ద ఉద్యోగమే దొరికింది! మీ అన్నయ్యకి చెప్తే, "మా చెల్లెలు పక్కింటికి ఫోన్ చేయడానికి కూడా ముందు కాగితం మీద రాసుకుంటుంది, అది దేశాన్ని ఆడిస్తుందా?" అని పడీ పడీ నవ్వాడు. నేను కసిరాను. తర్వాత నేనూ నవ్వాననుకో.

మీ పాటలో పెట్టుకోవడానికి ఒక ముక్క చెప్తా, రాసుకో. నాలుగు గోడల గది. ముందు గోడకి బంతి కొట్టాలి. అది తిరిగొచ్చి నేలకి రెండోసారి తగిలేలోపు అవతలివాళ్ళు మళ్ళీ గోడకి కొట్టాలి. అంతే. గోడకి చెప్పుకున్నట్టుంది అంటారే జనం, నా గోడ అలాంటిది కాదు, చెప్పినదానికి తిరిగి జవాబిస్తుంది. మీ సభ్యులకంటే నయం.

నా కోర్టు నీకు తెలుసు కదా. పాత మిల్లువాళ్ళ వినోద మందిరంలో ఒకే ఒక్కటి, దాని అద్దె మీ కమిటీయే కడుతోంది. చుట్టుపక్కల ఎక్కడా ఇంకో కోర్టు లేదు. ఇక్కడ ఒక పిల్ల ఉంది, పిచ్చుక అంటాం. బస్సు డ్రైవరు కూతురు. ఒక్క చోట నిలబడదు, కూర్చున్నప్పుడు కూడా కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. దాని చెయ్యి చూస్తే నాకు నా పదిహేనో ఏడు గుర్తొస్తుంది. నాకంటే బాగా ఆడుతుంది కూడా. ఈ మాట దానితో అనను, నెత్తికెక్కుతుంది.

అసలు సంగతి. ఏ బంతులు కొంటున్నారు? అన్నీ నల్లగానే ఉంటాయి, మీద చుక్కల్లో తేడా. రెండు పసుపు చుక్కలది చాంపియన్ల బంతి. అది చల్లగా ఉంటే ఎగరదు. వాళ్ళు బాది బాది వేడెక్కిస్తారు, అప్పుడు కదుల్తుంది. కొత్త పిల్లలు ఎంత కొట్టినా అది వేడెక్కదు, చచ్చిన కప్పలా నేలమీద పడుంటుంది. పిల్లలకి నీలం చుక్కది కావాలి. కాస్త పెద్దగా ఉంటుంది, చల్లగా ఉన్నా గంతులేస్తుంది. ఈ ఒక్క మాట మీ టైల్స్ మహానుభావుడి చెవిన వెయ్యి. మిగిలిన పాటలు ఏమైనా పాడుకోండి.

వదిన

*

ప్రచార కమిటీ ఆఫీసు
జూలై

వదినా,

వేశాను. ఎలా వేశానో చెప్తాను, తిట్టకు.

సమావేశంలో బంతుల విషయం వచ్చింది. "ప్రపంచ చాంపియన్లు వాడేది ఏది?" అన్నారు అధ్యక్షుల వారు. "రెండు పసుపు చుక్కలదండీ" అన్నాడు తోడల్లుడు. "అయితే మన పిల్లలకీ అదే! మన పిల్లలేమన్నా తక్కువ తిన్నారా?" అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను "అదీ..." అన్నాను.

"మంచినీళ్ళు కావాలా అమ్మా?" అన్నారు.

ఇచ్చారు. తాగాను.

తర్వాత 'పిల్లలకు నీలం చుక్క' అని చీటీ మీద రాసి ఆయన ముందు పెట్టాను. చదివి మెచ్చుకున్నారు. "బావుంది, కరపత్రం మీద నీలం చుక్కలు వేయించు" అన్నారు. కరపత్రాలు అచ్చయి వచ్చాయి. నీలం చుక్కలు చాలా ముచ్చటగా ఉన్నాయి. బంతుల మీద పసుపు చుక్కలే ఉన్నాయి.

కాన్వెంటులో సిస్టర్లు నాకు చక్కగా కూర్చోవడం, చక్కగా రాయడం నేర్పారు. ఎదుటివాళ్ళ మాటకి అడ్డం వెళ్ళడం నేర్పలేదు.

మరదలు

*

కోర్టు పక్క గది
ఆగస్టు

మరదలా,

నీళ్ళు తాగావా! కడుపు చల్లబడిందా?

మీ బంతులు వచ్చాయి. మా వీధి చివరి స్కూల్లో పంచారు. బ్యాండు వాయించారు, మీ పాట పెట్టారు. ఒక పిల్లాడు రాకెట్ ఎత్తి గోడకి ఒక్కటిచ్చాడు. బంతి గోడకి తగిలి కిందపడి ఊరుకుంది. ఇంకొకడు కొట్టాడు. ఊరుకుంది. మూడోవాడు దాన్ని కాలితో తన్నాడు, ఫుట్‌బాల్ మొదలైంది. మర్నాడు డ్రిల్లు మాస్టారు సంచీడు బంతులు మోసుకొచ్చి, "మేడం, పాడైపోయిన సరుకు వచ్చినట్టుంది, కొంచెం చూడండి" అన్నాడు. ఏం చూడను? "సరుకు బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ, ఇచ్చిన బుర్రలే పాడైపోయాయి" అన్నాను.

నాకు జ్వరం వస్తే పెద్ద డాక్టరు వేసుకునే మందే నాకూ వెయ్యమన్నట్టుంది మీ తెలివి.

మా కోర్టుకేం, కళకళలాడుతోంది. నా సంగతి ఆలోచించకు.

వదిన

*

ప్రచార కమిటీ ఆఫీసు
సెప్టెంబరు

వదినా,

షాపింగ్ సెంటర్ మధ్యలో గాజు కోర్టు నిలబెట్టారు. గాజు ఎందుకంటే, చుట్టూ ఉన్న యువత లోపలి ఆట చూసి ఉత్తేజం పొందాలని. ఆ గాజు మీద నాలుగు వైపులా ప్రకటనలు అంటించారు. ఆట చూడాలంటే కూల్‌డ్రింక్ సీసా బొమ్మకీ సిమెంటు బస్తా బొమ్మకీ మధ్య ఉన్న సందులో కన్ను పెట్టాలి. నేను పెట్టాను.

సినిమా హీరో వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, జుట్టుకి ఇంకా దాటలేదు. చాంపియన్ల బంతి ఇచ్చారు. కొట్టాడు. పడింది. మళ్ళీ కొట్టాడు. పడింది. ఎవరో ఈల వేశారు, మెచ్చుకోలు ఈల కాదు. అధ్యక్షుల వారికి చెమటలు పట్టాయి. తోడల్లుడు పై అంతస్తులో ఉన్న ఆటసామాన్ల దుకాణానికి పరిగెత్తి ఇంకో బంతి పట్టుకొచ్చాడు. "కొంచెం ఎగిరేది ఇమ్మంటే ఇదిచ్చాడండీ" అన్నాడు. నీలం చుక్క. హీరో కొట్టాడు, అది ఎగిరింది, జనం వెర్రెత్తిపోయారు. పత్రికల్లో ఫొటో చూసే ఉంటావు.

అంటే, ఇన్ని నెలల ప్రచారంలో పిల్లల బంతి అందినది ఒక్కరికే.

ఆఫీసులో ఏవో సమీక్షలు జరుగుతున్నాయి. నీకు పనికొచ్చేవి కావు. నీ దగ్గరకి పిల్లలు బాగానే వస్తున్నారు కదా? ఊరికే అడిగాను.

మరదలు

*

కోర్టు పక్క గది
సెప్టెంబరు

మరదలా,

ఫొటో చూశాం. మీ హీరో రాకెట్‌ని దోమల బ్యాట్ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మీ అన్నయ్య ఆ పేపరు ముందు పెట్టుకుని, "నాకూ నలభై దాటాయి, నాకూ ఒక నీలం చుక్క ఇప్పించవే" అని ప్రాణం తీస్తున్నాడు. పిచ్చుక ఆ ఫొటో చూసి ఒకే మాట అంది. "అంకుల్‌కి మోకాళ్ళు వంగవా మేడం?"

పిల్లలు రాకేం? వస్తున్నారు. బోలెడంతమంది. నిలబడ్డానికి చోటు ఉండటం లేదు. కావాలంటే మీ టైల్స్ గారిని రమ్మను, కళ్ళారా చూసి పొమ్మను.

నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఏమైంది?

వదిన

*

ప్రచార కమిటీ ఆఫీసు
అక్టోబరు

వదినా,

ఏమీ కాలేదు. అధ్యక్షుల వారు వచ్చే గురువారం మీ కోర్టు చూడటానికి వస్తున్నారు. నన్నూ రమ్మన్నారు. ఆ రోజు పిల్లలందరినీ ఉండమను. అందరినీ. ఎందుకని అడగకు.

మరదలు

*

కోర్టు పక్క గది
అక్టోబరు

ప్రచార కమిటీ రచయిత్రి గారికి,

నమస్కారం. తమరు మొన్న దయచేసి మా కోర్టు పావనం చేసినందుకు కృతజ్ఞతలు.

తమ అధ్యక్షుల వారు నల్ల బూట్లతో కోర్టులోకి నడిచారు. చెక్క నేల మీద అడుగడుక్కీ గీత పడింది. విప్పమన్నాను. విప్పారు, ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి మమ్మల్నందరినీ పలకరించింది. బాల్కనీ నిండా పిల్లలు. ఆయన ముఖం వికసించింది. అందులో ఒకమ్మాయిని నిలబెట్టి, "స్క్వాష్‌లో గేముకి ఎన్ని పాయింట్లమ్మా?" అని అడిగారు.

"ముప్పై అయిదు వస్తే పాసండీ" అందా పిల్ల.

అవును, వాళ్ళు పక్కవీధి కుట్టు క్లాసు పిల్లలు. నేనే తెచ్చాను. టీచరమ్మని బతిమాలుకుని తెచ్చాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, చదువుకోండి.

ఆయన ఇంకేమీ అడగలేదు. పిచ్చుక ఆట చూపించింది. అలాంటి ఆట నేనూ ఎప్పుడో గానీ చూడను. ఆ సమయంలో ఆయన గోడలు తట్టి చూస్తున్నారు. "గది పొడిగా ఉంది. చెద లేదు. సామాను పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది" అన్నారు. ఏం సామాను అని అడిగితే నవ్వి, మేజోడులోకి వేలు దోపుకున్నారు.

తమరు? చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరగా చేర్చి, కాన్వెంటు బెంచీ మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. నా వైపు చూడలేదు. నీలం చుక్క. ఆయనతో అనాల్సింది ఈ రెండే మాటలు. ఆయన పక్కనే కారులో వచ్చారు, ఆయన పక్కనే కారులో వెళ్ళారు. దారి పొడుగునా బహుశా మంచినీళ్ళు తాగి ఉంటారు.

ఇట్లు,
తమ కమిటీ అద్దె కోర్టు కోచ్

*

నా గది
అక్టోబరు

వదినా,

నన్ను 'తమరు' అన్నావు. ఆ ఉత్తరం ఆఫీసులో చదవలేకపోయాను, ఇంటికి తెచ్చుకున్నాను.

ఏం సామానో చెప్తాను. సమీక్షలో తేలిందేమిటంటే, యువతకి స్క్వాష్ మీద ఆసక్తి లేదు. స్కూళ్ళన్నీ అదే రాశాయి. ఆసక్తి లేదు కాబట్టి ప్రచారం రెట్టింపు చేయాలి. రెట్టింపు ప్రచారానికి రెట్టింపు బ్యానర్లు, టీషర్టులు, హీరో నిలువెత్తు బొమ్మలు కావాలి. అవి పెట్టుకోవడానికి చోటు కావాలి. పిల్లలు రాని కోర్టులు ఖాళీగా ఉన్నాయి కదా. నవ్వకు, ఇది జోకు కాదు. స్క్వాష్ ప్రచారం సామాను పెట్టుకోవడానికి స్క్వాష్ కోర్టులు మూసేస్తున్నారు.

నీ కోర్టు పేరు ఆగస్టు నుంచీ అనుమానపు జాబితాలో ఉంది. నాకు తెలుసు. చెప్తే నువ్వు మర్నాటి బస్సుకే వచ్చి ఆయన్ని నాలుగు దులుపుతావని, దులిపితే నీ పేరే ముందు కొట్టేస్తారని చెప్పలేదు. పిల్లలు వస్తున్నారన్నావు కదా, సంఖ్య చూసి వదిలేస్తారనుకున్నాను.

నేను నోరు మూసుకున్నాను, నిజమే. నువ్వు మాత్రం? బోలెడంతమంది అన్నావు. ఆ బంతుల వల్ల పిల్లలు మానేశారని ఒక్క ముక్క రాసి ఉంటే నా చేతిలో ఒక నిజం ఉండేది. బాల్కనీలో ఆ పిల్లల వేళ్ళకి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తానాలు ఉన్నాయి వదినా. చూడగానే వాళ్ళెవరో పోల్చుకున్నాను. నేను మాట్లాడితే నీ గుట్టు బయటపడుతుందనిపించింది. ఈలోగా అదే బయటపడింది.

సోమవారం సమావేశం. తీర్మానం నేనే రాయాలి. మొదటి వాక్యం ఆయనే చెప్పారు: 'యువతకు ఈ క్రీడపై ఆసక్తి లేదని కమిటీ విచారంతో గుర్తించింది.' విచారం అన్న మాట నన్ను కలపమన్నారు.

మరదలు

*

ఇల్లు
అక్టోబరు

అమ్మాయ్,

రావడం మానేశారు. స్కూల్లో ఆ బంతి కొట్టి, ఇదా ఆట, ఇంతకంటే పడుకోవడం నయం అనుకున్నారు. కొత్తవాళ్ళు రాలేదు. పాతవాళ్ళని క్లాసులో వెక్కిరించారు, వాళ్ళూ జారుకున్నారు. నలుగురు మిగిలారు. ఈ ఊళ్ళో ఒకప్పుడు నా ఆట చూడటానికి జనం మెట్ల మీద కూర్చునేవాళ్ళు. నేను నేర్పేది ఎవరికీ అక్కర్లేదని మరదలికి ఏ చేత్తో రాయను?

పిచ్చుక అడిగింది, తలుపు వేసేస్తే ఎక్కడ ఆడాలి మేడం అని. మా పడకగది గోడ చూపించాను. మీ అన్నయ్య కిక్కురుమనకుండా మంచం జరిపాడు. ఆ మనిషి అంత మెత్తగా ఉండటం చూస్తే నాకే భయం వేసింది.

నిన్ను మాట్లాడమని అడగను. నీకు చేతకాదు. కోపంతో అనట్లేదు, తెలిసి అంటున్నాను. వాళ్ళు చెప్పింది రాసిచ్చి ఉద్యోగం నిలబెట్టుకో. ఇంట్లో ఒకళ్ళం రోడ్డున పడితే చాలు.

వదిన

*

ప్రచార కమిటీ ఆఫీసు
నవంబరు

వదినా,

చేతకాదన్నావు కదా. విను.

అధ్యక్షుల వారు మొదటి వాక్యం చెప్పారు. నేను కలం మూత పెట్టాను. "ఊఁ, రాయమ్మా" అన్నారు.

"ఆ వాక్యం నేను రాయనండి" అన్నాను.

గొంతు నాదిలా లేదు. ప్రిన్సిపాలు గారు వెనక్కి తిరిగి తలుపు దగ్గర ఇంకెవరైనా ఉన్నారేమో చూశారు.

"మంచినీళ్ళు..."

"వద్దండీ. పిల్లలకి ఆసక్తి లేకపోవడం కాదు. మనం ఇచ్చిన బంతి ఎగరదు. అది చాంపియన్లకి. పిల్లలకి వేరే బంతి ఉంది. ఎగరని బంతితో ఎవరికి ఆసక్తి ఉంటుంది?"

"మన పిల్లల్ని తక్కువ చేసి మాట్లాడకమ్మా! ప్రపంచ స్థాయి బంతి అది!"

అప్పుడు డాక్టరు గారు పేపరు దించారు. ఆయన ఏ సమావేశంలోనూ పేపరు దించినట్టు నేను చూడలేదు. "మరి షాపింగ్ సెంటర్లో మన హీరో గారికి రెండోసారి ఇచ్చింది ఏ బంతి?" అన్నారు.

తోడల్లుడు సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"పిల్లలదండీ" అన్నాను.

డాక్టరు గారు ముందు నవ్వారు. తర్వాత ప్రిన్సిపాలు. టీ తెచ్చినాయన ట్రే కింద పెట్టి మరీ నవ్వాడు. అధ్యక్షుల వారి ముఖం ఆయన దుకాణంలో ఎర్ర టైలు రంగుకి వచ్చింది. సమావేశం వాయిదా.

సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. పిల్లల బంతులు తెప్పిస్తానన్నారు. ఏ కోర్టూ మూయనన్నారు, నీది కూడా. రాతపూర్వకంగా ఇస్తానన్నారు. ఒక్క షరతు. రేపటి పత్రికలకి నేను ఒక ప్రకటన రాయాలి: పిల్లలకు పిల్లల బంతే ఇవ్వాలన్నది మొదటినుంచీ అధ్యక్షుల వారి ఆలోచన అని, గోదాములో ఎవరో పెట్టెలు తారుమారు చేశారని. "రాస్తే సంతకం పెడతాను. లేదంటే పాత తీర్మానమే. దానికి నువ్వే అక్కర్లేదు, ఎవరైనా రాస్తారు."

పొద్దున ఒక అబద్ధం రాయనన్నాను. కోర్టు బతికించుకోవాలంటే ఇప్పుడు ఇంకొకటి రాయాలి. పిచ్చుక మీ పడకగది గోడకి కొడుతున్నట్టు ఊహించుకున్నాను.

రాశాను వదినా. చాలా బాగా రాశాను. 'దూరదృష్టి' రెండుసార్లు వాడాను, 'పసిహృదయాలు' ఒకసారి. ఆయన చదివి కళ్ళు తుడుచుకున్నారు. తనకి నిజంగానే అలాంటి ఆలోచన వచ్చిందని నమ్మేశారు. సంతకం పెట్టారు. ఆ కాగితం దీంతో పంపుతున్నాను, భద్రం.

నన్ను ఏమైనా అను. 'తమరు' మాత్రం అనకు.

మరదలు

*

కోర్టు పక్క గది
డిసెంబరు

మరదలు పిల్లా,

పేపరు చదివాను. మీ అన్నయ్య చదివి, "అబ్బ, ఏం బుర్ర ఈ పెద్దమనిషిది! పిల్లల గురించి ఎంత ఆలోచించాడు!" అని పొంగిపోయాడు. నేను నోరు మూసుకున్నాను. నీకు చేతకాదన్నందుకు నాకు ఆ మాత్రం శిక్ష పడాలి. పిచ్చుక మాత్రం పైకి చదువుతూ 'పసిహృదయాలు' దగ్గర ఆగి, "ఇది మీ మరదలు గారే రాశారు కదా మేడం?" అంది. ఎలా తెలిసిందే అంటే, "ఆయనకి అంత తెలుగు రాదు" అంది.

చిన్నబుచ్చుకుని కూర్చోకు. ఆ టైల్స్ బుర్రకి కిరీటం పెట్టి కోర్టు తెచ్చుకున్నాం. బరువు మోసేది ఆయన, ఆడేది మనం. అందులో అవమానం ఏముందో వెతికాను, నాకు కనబడలేదు. నీకు కనబడితే శనివారం బస్సెక్కి రా, గోడ చూపిస్తాను, దానితో చెప్పుకుందువు గాని.

బంతులు పదిరోజుల కిందట స్కూలుకి వచ్చాయి. ఈసారి బ్యాండు లేదు, పాట లేదు, డ్రిల్లు మాస్టారు సంచీలోంచి తీసి ఊరికే ఇచ్చాడు. ఇంకా రాయాలని ఉంది గానీ కుదరదు. కోర్టు తలుపు దగ్గర వంతు కోసం జుట్లు పట్టుకుంటున్నారు.

వదిన